పెంచుకున్న కుక్క పోయాక: మొదటి గంట నుంచి ఏం చేయాలి, ఎలా గడపాలి

కుక్క చనిపోయిన రోజు ఎలాగో గడిచిపోతుంది. ఇంట్లో అందరూ ఉంటారు, చేయాల్సిన పనులుంటాయి, మనం ఏడిస్తే పక్కన ఇంకొకరు కూడా ఏడుస్తుంటారు. అసలు కష్టం మర్నాడు పొద్దున ఐదున్నరకు మొదలవుతుంది. అలారం లేకుండానే మెలకువ వస్తుంది. లేచి చెప్పులేసుకున్నాక గుర్తొస్తుంది, బయటికి తీసుకెళ్ళడానికి ఎవరూ లేరని.

పదేళ్ళో పన్నెండేళ్ళో ఇంట్లో తిరిగిన కుక్క పోతే ఇంటి టైంటేబుల్ మొత్తం పోతుంది. ఈ బాధ రోజంతా ఒకే తీరుగా ఉండదు. దానితో ముడిపడిన వేళల్లో వచ్చి మీద పడుతుంది. మిగతా టైంలో మామూలుగానే ఉంటాం, మళ్ళీ "ఇంత మామూలుగా ఎలా ఉన్నాను" అని అదొక బాధ. అందుకే "ధైర్యంగా ఉండు" లాంటి సలహాలు ఇక్కడ పెద్దగా పనిచేయవు. ఏ వేళకు ఏం చేయాలో చూసుకుంటే కొంత పనిచేస్తుంది. ఆ సంగతికి వచ్చేముందు మొదటి గంటల పనులు చూద్దాం, ఎందుకంటే ఆ హడావుడిలో చేసినవీ చేయనివీ తర్వాత చాలా రోజులు గుర్తుంటాయి.

మొదటి కొన్ని గంటలు

ఇంట్లోనే పోతే, ముందు ప్రాణం ఉందో లేదో చూడండి. ఎడమవైపు ముందుకాలి మోచేయి వెనక, రొమ్ము మీద అరచెయ్యి ఆనించి కొన్ని నిమిషాలు ఉంచండి. గుండె కొట్టుకోవడం తెలియక, ఊపిరి ఆడక, కంటిని మెల్లగా తాకినా రెప్ప కదలకపోతే పోయినట్టే. అనుమానముంటే డాక్టరుకు చూపించండి.

ఒళ్ళు రెండు మూడు గంటల్లో బిగుసుకోవడం మొదలవుతుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా. అందుకని ముందే కాళ్ళు మెల్లగా మడిచి, అది రోజూ పడుకున్నట్టు ముడుచుకున్న భంగిమలో పడుకోబెట్టండి. లేకపోతే తర్వాత ఎత్తడం కష్టం, చూడటం ఇంకా కష్టం. కళ్ళు మూస్తే మూసుకోవు, చాలా కుక్కలకు అంతే. మూత్రం, విరేచనం బయటికి వస్తాయి. కింద పాత పేపర్లు, వాటి మీద పాత టవల్ వేయండి. ఏసీ గది ఉంటే అందులో ఉంచండి, లేకపోతే ఐసు ప్యాకెట్లు గుడ్డలో చుట్టి పొట్ట దగ్గర పెట్టండి. మే నెలలో అయితే ఎవరో ఊరినుంచి రావాలని మర్నాటి దాకా ఆగకండి.

మెడపట్టీ తీసి దాచండి. కావాలనుకుంటే తోకమీది వెంట్రుకలు కాసిని కత్తిరించి కవర్లో పెట్టుకోండి. స్టాంపు ప్యాడుతో కాగితం మీద పాదం గుర్తు తీసుకోవచ్చు. ఇవన్నీ ఆ క్షణంలో చాదస్తంగా అనిపిస్తాయి. అయినా తీసి పెట్టండి. వద్దనుకుంటే తర్వాత పారేయవచ్చు, కావాలనుకుంటే మాత్రం అప్పుడు దొరకవు.

ఒక జాగ్రత్త. పోయేముందు కొద్ది రోజుల్లో స్వభావం మారిపోయి, చొంగ కారుస్తూ, మింగలేకపోతూ, ఎవరినైనా కరవడమో మీదపడటమో జరిగి ఉంటే అది రేబిస్ కావచ్చు, వట్టిచేతులతో ముట్టుకోకండి. డాక్టరుకు చెప్పండి. దాని చొంగ గాయానికి గానీ కంటికి, నోటికి గానీ తగిలినవాళ్ళు ఆ చోటును ధారగా పారే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి. ఒంటిమీద అయితే సబ్బుతో, కంటికీ నోటికీ అయితే మంచినీళ్ళతోనే. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. ఏడవడానికి ఒకరోజు ఆగొచ్చు, దీనికి ఆగకూడదు.

పూడ్చాలా, దహనం చేయాలా

సొంత స్థలమో పొలమో ఉంటే చాలామంది అక్కడే పూడుస్తారు. నాలుగడుగుల లోతు తవ్వించండి, బావికీ బోరుకూ దూరంగా. ఉప్పు, సున్నం వేయడం మన దగ్గర అలవాటు, వేస్తే వేయండి, కానీ వాటికంటే లోతే ముఖ్యం. డాక్టరు ఇంజెక్షన్‌తో శాశ్వతంగా నిద్రపుచ్చిన కుక్క అయితే మరీ ముఖ్యం. ఆ మందు ఒంట్లో ఉండిపోతుంది, వేరే జంతువులు తవ్వి తింటే వాటికీ ప్రమాదం. ప్లాస్టిక్ కవర్లో కాకుండా నూలుగుడ్డలో చుట్టండి.

అపార్ట్‌మెంటులో ఉండేవాళ్ళు రాత్రిపూట ఖాళీ ప్లాటులోనో చెరువుగట్టునో పూడ్చి వచ్చే పని పెట్టుకోవద్దు. ఏడాది తిరక్కుండా అక్కడ పునాదులు తవ్వుతారు. హైదరాబాద్‌లో నాగోలు దగ్గరి ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది. మిగతా ఊళ్ళలో మున్సిపల్ ఆఫీసులోనో, మీరు చూపించే డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరునో అడగండి, ఈ విషయాలు డాక్టరు కంటే ఆయనకే బాగా తెలుస్తాయి. వెళ్ళేముందు ఫోన్లోనే అడగాల్సినవి: విడిగా దహనం చేస్తారా, వేరేవాటితో కలిపా? బూడిద ఇస్తారా? బండి వాళ్ళదా, మనదా? దగ్గర ఎంతమంది ఉండొచ్చు? కలిపి చేస్తే మీకు రావలసిన బూడిద రాదు. ఆ సంగతి తర్వాత తెలిస్తే బాధ.

మైల ఉంటుందా, పదకొండో రోజు చేయాలా అని పెద్దవాళ్ళు అడుగుతారు. ఒక్కో పురోహితుడు ఒక్కో మాట చెబుతాడు. నా ఉద్దేశం అడిగితే, శాస్త్రం గురించి ఇంట్లో వాదన పెట్టుకోకండి. దీపం పెట్టాలనిపించిన వాళ్ళు పెట్టుకోవచ్చు. పదకొండో రోజున దానికిష్టమైనది వండి వీధిలోని కుక్కలకు పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. బూడిదను కృష్ణలోనో గోదావరిలోనో కలిపేవాళ్ళున్నారు. చెట్టుకింద వేసేట్టయితే బాగా మట్టి కలిపి కొద్దికొద్దిగా వేయండి. అంతా ఒకేచోట పోస్తే అందులోని ఉప్పు, క్షారం వల్ల చిన్న మొక్క చచ్చిపోతుంది. దాని పేరు మీద నాటిన మందారం కూడా ఎండిపోతే ఇంట్లోవాళ్ళు తట్టుకోలేరు.

దాని వేళలు కాగితం మీద రాయండి

రెండో రోజో మూడో రోజో కూర్చుని, రోజు మొత్తంలో ఆ కుక్క ఎక్కడెక్కడ ఉండేదో రాయండి. పొద్దున వాకింగ్. పాల ప్యాకెట్ చప్పుడు. పిల్లల స్కూలు బస్సు. మధ్యాహ్నం అత్తగారి మంచం కింద నిద్ర. సాయంత్రం గేటు చప్పుడు, బండి ఆపగానే లోపల్నుంచి అరుపు. రాత్రి పెరుగన్నంలో ఆఖరి ముద్ద. పడుకునేముందు తాళం వేస్తుంటే వెంట తిరగడం. ఎవరెవరు ఏ వేళకు ఎక్కువ ఇబ్బంది పడుతున్నారో పక్కన రాయండి. ఇంట్లో అందరికీ ఒకే వేళ కష్టంగా ఉండదు. భర్తకు ఆఫీసు నుంచి వచ్చే టైము, భార్యకు మధ్యాహ్నం, నాన్నగారికి తెల్లవారుజాము. "నువ్వసలు బాధపడటం లేదు" అని ఒకరినొకరు అనుకోవడం సగం ఇక్కడే వస్తుంది.

ఇప్పుడు ఒక్కో వేళకు ఒక నిర్ణయం తీసుకోండి: అలాగే ఉంచాలా, మార్చాలా, ఇంకొకరికి అప్పగించాలా.

వాకింగ్ మానొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. రిటైరై, షుగరో బీపీయో ఉన్న పెద్దాయన పదేళ్ళుగా రోజూ నడిచాడంటే అది కుక్క పుణ్యమే. అది పోగానే నడక మానేస్తే రెండు నెలల్లో ఒంట్లో తేడా తెలుస్తుంది. మొదటి పది పదిహేను రోజులు దారి మార్చండి. అదే పార్కు, అదే స్తంభం, అదే టీకొట్టు వద్దు. పక్కన ఇంకొకరు నడవాలి, మాట్లాడకపోయినా ఫర్వాలేదు. చేతిలో ఏమీ లేకపోతే వెలితిగా ఉంటుందని చాలామంది అంటారు. గొడుగో కూరల సంచో పట్టుకోండి, నవ్వొచ్చినా సరే.

దారిలో "ఏడీ మీవాడు?" అని అడుగుతారు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలంటే ప్రాణం పోతుంది. ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "పోయిన వారం పోయాడండీ, ఇప్పుడు మాట్లాడలేను." ఇంకా తేలిక దారి, వాచ్‌మన్‌కు చెప్పడం. సాయంత్రానికి అపార్ట్‌మెంటంతా తెలుస్తుంది, మీరు చెప్పే పని తప్పుతుంది.

పెరుగన్నం ఆఖరి ముద్ద మానలేకపోతే మానకండి. గోడమీద కాకికో గేటు బయటి కుక్కకో పెట్టండి. సాయంత్రం ఇంటికొచ్చే వేళ మాత్రం మార్చడం మంచిది. తాళం తీసి ఖాళీ హాల్లోకి ఒక్కరే అడుగుపెట్టకుండా కొన్నాళ్ళు ఇద్దరూ కలిసి రండి, లేదా రేడియోనో టీవీనో ఆన్‌లో ఉంచి వెళ్ళండి. రాత్రి గోళ్ళ చప్పుడు, మెడపట్టీ గంట వినపడినట్టు అనిపిస్తుంది. భయపడొద్దు, ఏళ్ళ తరబడి విన్న చప్పుడుకు అలవాటుపడ్డ చెవి ఇంకా దాన్నే వెతుకుతోంది. కొన్ని వారాల్లో తగ్గుతుంది. పండగలు వేరే లెక్క. మొదటి దీపావళికి కిటికీలు మూయాల్సిన పని లేదని తెలిసి ఏడ్చినవాళ్ళున్నారు. ఆ రాత్రి ఒంటరిగా ఉండకుండా ముందే ఎక్కడికైనా వెళ్ళే ఏర్పాటు చేసుకోండి.

"ముందే చూసుకోవాల్సింది"

కుక్క పోయిన ఇంట్లో ఎక్కువగా వినపడే మాట ఇదే. దీన్ని ఊరికే "అలా అనుకోకు" అంటే పోదు. ఒక పని చేయండి: మొదటి లక్షణం కనపడిన రోజు నుంచి ఆఖరి రోజు దాకా ఏ రోజు ఏం చూశారో, ఏం చేశారో తేదీలతో రాయండి. ఆ కాగితం, రిపోర్టులు పట్టుకుని డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్ళి, మీ ప్రశ్నలన్నీ అడిగేయండి. రాత్రి రెండింటికి నెట్‌లో వెతికి చదివే దానికంటే ఆ పావుగంట మేలు.

చాలా జబ్బులు ముందే తెలిసేవి కావు. కిడ్నీల పనిలో దాదాపు మూడొంతుల పాళ్ళు, అంటే 75 శాతం దాకా, దెబ్బతిన్నాక గానీ మామూలు రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి కనపడదు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద కుక్కల్లో ప్లీహంలో పెరిగే ఒకరకం క్యాన్సర్ అది పగిలి లోపల రక్తం పోయేదాకా బయటపడకపోవచ్చు. నిన్నటిదాకా బంతి వెంట పరిగెత్తిన కుక్క ఇవాళ కుప్పకూలుతుంది. పైగా కుక్కలు నొప్పిని చాలావరకు దాచుకుంటాయి, అన్నం మానేదాకా మనకు తెలియనివ్వవు.

ఇంజెక్షన్‌తో నిద్రపుచ్చిన వాళ్ళను వేరే దృశ్యాలు వెంటాడతాయి. గుండె ఆగాక కూడా ఒకటి రెండుసార్లు ఊపిరి ఎగదీసినట్టు అవుతుంది, కండరాలు అదురుతాయి, కళ్ళు తెరుచుకునే ఉంటాయి. అప్పటికి అది స్పృహలో లేదు, నొప్పి తెలియదు. "నన్నే చూస్తూ పోయింది" అని బాధపడేవాళ్ళకు ఈ సంగతి డాక్టరు నోటితో చెప్పించండి.

డబ్బు సంగతి ఎవరూ పైకి మాట్లాడరు. డయాలసిస్ ఆపేశాం, ఆపరేషన్ వద్దన్నాం, అప్పు చేసుంటే బతికేదేమో అని లోపల నలుగుతుంటారు. మధ్యతరగతి ఇంట్లో పిల్లల ఫీజులు, పెద్దవాళ్ళ మందులు, కుక్క వైద్యం ఒకే జీతంలోంచి రావాలి. హద్దు పెట్టుకోవడం ప్రేమ లేకపోవడం కాదు. ఆ నిర్ణయం తీసుకున్నది ఒక్కరే అయితే, మిగతావాళ్ళు "మా అందరి నిర్ణయం అది" అని పైకి చెప్పాలి, కనీసం ఒక్కసారి.

ఇక నిజంగానే పొరపాటు జరిగి ఉంటే? గేటు తీసి ఉంచడం, టీకా వాయిదా వేయడం, ఎండలో కారులో వదలడం. అప్పుడు "నీ తప్పేం లేదు" అని ఓదార్చినా ఎక్కదు. జరిగిందని ఒప్పుకుని, ఆ గేటుకు స్ప్రింగు వేయించండి, పొరుగింటి కుక్కపిల్ల టీకాల తేదీలు గుర్తుచేయండి. ఇంట్లో మిగతావాళ్ళు ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు, దెబ్బలాటల్లో అసలు ఎత్తకూడదు.

జనం, ఆఫీసు

"కుక్కే కదా", "ఇంకోటి తెచ్చుకోండి", "పిల్లలు లేరుగా, అందుకే ఇంత". ఇవన్నీ వింటారు. చుట్టూ ఉన్నవాళ్ళు దుఃఖంగా లెక్కగట్టని దుఃఖం మనిషిని మరింత కుంగదీస్తుందని అమెరికాలో దుఃఖం మీద పరిశోధన చేసిన కెన్నెత్ డోకా 1989లోనే రాశాడు. మనకు అంతదూరం వెళ్ళక్కర్లేదు. కుక్కను వదిలేస్తే స్వర్గానికి రానిస్తామంటే ధర్మరాజు రానన్నాడు, దాన్ని మాత్రం ఎవరూ అతి అనరు. అయినా వాదించకండి. "మాకు మాత్రం అలా లేదండీ" అని ఊరుకోండి. ఎవరి దగ్గర మాట్లాడాలో ఎంచుకోండి, కుక్కను పోగొట్టుకున్న స్నేహితుడు ఒక్కడుంటే చాలు.

ఆఫీసులో దీనికి ప్రత్యేకంగా సెలవు ఉండే చోట్లు అరుదు. ఒకరోజు సీఎల్ పెట్టండి, కారణం వివరించక్కర్లేదు. టీంలో ఒక్కరికి నిజం చెప్పి ఉంచితే మీటింగులో గొంతు పట్టేసినప్పుడు ఆదుకుంటారు.

దుఃఖానికి ఐదు దశలుంటాయని ఎవరో చెబుతారు, కోపం, బేరం, అలా. కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో అవి చెప్పింది ముఖ్యంగా చావుకు దగ్గరైన రోగులను చూసి. మీరు ఏ దశలో ఉన్నారో లెక్కవేసుకునే పని పెట్టుకోకండి.

పిల్లలకు, దూరాన ఉన్నవాళ్ళకు

చిన్నపిల్లలతో "నిద్రపోయింది", "ఊరికి పంపించాం" అనకండి. నిద్రపోయిందంటే రాత్రి పడుకోవడానికి భయపడతారు. ఊరికి పంపామంటే ఎప్పుడొస్తుందని నెలల తరబడి అడుగుతారు. "చనిపోయింది. ఇక ఊపిరి తీసుకోదు, దానికి నొప్పి లేదు, తిరిగి రాదు" అని చెప్పండి. ఐదేళ్ళలోపు వాళ్ళు అర్థమైనట్టే తలూపి సాయంత్రం మళ్ళీ అదే అడుగుతారు, మళ్ళీ అదే చెప్పాలి. ఇంజెక్షన్ ఇప్పించిన సంగతి చెబితే, అది మామూలు ఇంజెక్షన్ కాదనీ మనకు వేసే సూది వేరనీ చెప్పండి, లేకపోతే జ్వరమొచ్చినప్పుడు ఇల్లు పీకి పందిరేస్తారు.

హాస్టల్లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు "పరీక్షలు అయ్యాక చెబుదాం" అని దాచడం మన ఇళ్ళలో మామూలే. రెండు మూడు రోజులంటే అర్థముంది. నెలలు దాస్తే, వీడియో కాల్‌లో "ఏదీ చూపించు" అన్న ప్రతిసారీ అబద్ధం ఆడాలి. తెలిసిన రోజున కుక్క పోయిన బాధ కంటే దాచిన కోపం ఎక్కువవుతుంది. వాళ్ళకు పొద్దుటి వేళ కాకుండా, పక్కన ఎవరైనా ఉన్న టైము చూసి చెప్పండి. ఆఖరి ఫోటోలు అడిగితేనే పంపండి.

ఇంట్లో ఇంకో కుక్క ఉంటే

వీలైతే చనిపోయినదాన్ని వాసన చూడనివ్వండి. ఇటలీలో 426 మంది కుక్కల యజమానులను అడిగి 2022లో ప్రచురించిన పరిశోధనలో, తోటి కుక్క పోయాక మిగిలినదాని ప్రవర్తన మారిందని 86 శాతం మంది చెప్పారు. ఆడటం తగ్గింది, తిండి తగ్గింది, మనుషుల చుట్టూ తిరగడం పెరిగింది. దాని తిండివేళలు, నడక వేళలు కదిలించకండి. రెండు రోజులు ఏమీ ముట్టకపోతే బెంగ అని సరిపెట్టుకోక డాక్టరుకు చూపించండి. మొదటిదానికి వచ్చిన పిడుదుల జ్వరమో మరొకటో దీనికీ ఉండొచ్చు.

వస్తువులు

గిన్నె, పరుపు, గొలుసు తీసేయడానికి తొందరేం లేదు, ఉంచడానికీ నియమం లేదు. ఒకరు లేనప్పుడు ఇంకొకరు తీసేయడం మాత్రం వద్దు. వెంటనే చేయాల్సినవి రెండే: ఆన్‌లైన్‌లో నెలనెలా వచ్చే తిండి ఆర్డరు ఆపించడం, క్లినిక్కుకు చెప్పి టీకా గుర్తుచేసే మెసేజులు రాకుండా చూడటం. ఆరునెలల తర్వాత "మీ పెట్‌కు వ్యాక్సిన్ డ్యూ" అని ఫోను మోగితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. విప్పని తిండి బస్తాలు, గడువున్న సీలు తీయని మందులు షెల్టర్లకు పనికొస్తాయి. హైదరాబాద్‌లో బ్లూక్రాస్, విశాఖలో వీఎస్‌పీసీఏ లాంటివి ఉన్నాయి. ముందు ఫోన్ చేసి ఏవి కావాలో అడగండి.

నెల దాటినా నిద్ర, తిండి, పని ఏదీ దారిన పడకపోతే, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మాట్లాడటం మానేస్తే, లేదా "నేనూ పోతే బాగుండు" అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, మానసిక సమస్యలకు సాయం చేసే టెలీ మానస్ లైను 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రింబగళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కుక్క కోసం ఫోన్ చేశానంటే నవ్వుతారేమో అన్న మొహమాటం వద్దు.

ఇంకో కుక్క

ఎప్పుడు అన్నదానికి లెక్క లేదు, కానీ ఎవరు అన్నదానికి ఉంది: తెల్లవారి లేచి నడిపించే మనిషి ఒప్పుకోవాలి. అమ్మ ఏడుస్తోందని కొడుకు బెంగళూరు నుంచి సర్‌ప్రైజుగా కుక్కపిల్లను పంపడం నాకు నచ్చని పని. కుక్క పన్నెండేళ్ళు బతికితే అప్పటికి ఆ అమ్మ వయసెంతో కూడా చూడాలి. డెబ్బై దాటిన ఇంటికి గంతులేసే పిల్ల కంటే నాలుగైదేళ్ళ నెమ్మదైన ఊరకుక్కను దత్తత తీసుకోవడం నయం.

మొదటిది పార్వోతో, అంటే వాంతులు, నెత్తుటి విరేచనాలు తెచ్చే వైరస్ జబ్బుతో, పోయి ఉంటే తొందరపడకండి. ఆ వైరస్ నేలలో నెలల తరబడి, ఒక్కోచోట ఏడాది దాకా బతుకుతుంది. ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. ముందు బాగా కడిగి, ఆ తర్వాత ఒక పాలు ఇళ్ళలో వాడే ద్రవ బ్లీచ్‌కు (సోడియం హైపోక్లోరైట్) ముప్పై పాళ్ళు నీళ్ళు కలిపి తుడవాలి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. పాత పరుపు, మెత్తని బొమ్మలు పారేయండి. అంత చేసినా మట్టి పెరడు శుభ్రపడదు, అందుకని టీకాలన్నీ పూర్తయిన పెద్ద కుక్కనే తెచ్చుకోండి. పిల్లనే తేవాలనుకుంటే దానికి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టిన టీకాలు పదహారు వారాల దాకా పూర్తయ్యాకే ఆ పెరట్లో వదలండి. పాత గిన్నె వాడాలా, పాత పేరే పెట్టాలా అన్నది ఇంట్లో చిన్నవాళ్ళను కూడా అడిగి తేల్చుకోండి.